ఒకరి పేరే రాయాలి

"ఫారం ఇటియ్యి."

"ఇవ్వను."

"పూర్ణిమా, మూడోసారి అడుగుతున్నాను. నాలుగోసారి అడగను."

"అడక్కు నాన్నా. నాకూ నాలుగోసారి చెప్పే పని తప్పుతుంది."

వంటింటి గుమ్మానికి వీపు ఆనించి, చేతులు రెండూ వెనక పెట్టుకుని నిలబడింది పూర్ణిమ. ఇరవై నాలుగేళ్ళ పిల్ల. శంకర్ నగర్‌లో ఒక ఆడిటర్ ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చుంటుంది. ఈపాటికి ఆటో ఎక్కి సగం దారిలో ఉండాలి. ఇవాళ చెప్పులు కూడా వేసుకోలేదు. పొద్దున్నే తండ్రి స్నానానికి వెళ్ళగానే ట్రంకు పెట్టె తీసి ఆ కాగితం పట్టుకుంది. పట్టిన పట్టు విడవడం లేదు.

గురునాథం తువ్వాలు మంచం మీదికి విసిరికొట్టాడు. ముప్పై మూడేళ్ళుగా పట్టాల మీద నడుస్తున్న కీమన్ ఆయన. రోజూ చీకటి విడకముందే సుత్తి భుజాన వేసుకుని మందిర్ హసౌద్ వైపు బయల్దేరతాడు. తన వంతు లైనంతా నడిచి, వదులైన కీలన్నీ బిగించి ఇంటికొస్తాడు. ఇప్పుడు కుడి మోకాలు వాచిపోయింది. మెట్టు ఎక్కాలంటే గోడ పట్టుకోవాలి. కోపానికి మాత్రం ఏ వాపూ లేదు.

ఆ ఫారం సంగతి ఈ రాయపూర్ రైల్వే కాలనీలో చిన్నపిల్లల్ని లేపి అడిగినా చెప్తారు. పట్టాల మీద పనిచేసే మనిషి యాభై ఏడు దాటకముందే తనంతట తాను దిగిపోతే, ఆ చోటు అతని పిల్లల్లో ఒకరికి ఇస్తారు. ఒకరికే. ఫారంలో ఒక పేరే రాయాలి. ఆ పేరు మెడికల్‌లో తప్పితే ఇంకో పేరు రాయడానికి లేదు. తండ్రి మళ్ళీ సుత్తి పట్టుకోవలసిందే. ఇవాళ జూలై ముప్పై ఒకటి, ఆఖరి రోజు. సాయంత్రం నాలుగింటికి కౌంటరు మూసేస్తారు. మళ్ళీ ఫారాలు తీసుకునే జనవరి నాటికి గురునాథం వయసు దాటిపోతుంది.

ఫారంలో గురునాథం రాసిన పేరు తరుణ్.

ఇంట్లో ఇద్దరు పిల్లలున్నారు. రెండో పేరు ఆయన తలలోకి రానే లేదు. వచ్చి కాదనుకుంటే అదొక అందం!

"అన్న పేరున్న కాగితం చింపుదామనా?" అన్నాడు గురునాథం.

"చింపాలనుంటే ఎప్పుడో చింపేదాన్ని. నాకు కావలసింది అది కాదు. ఆ గళ్ళో నా పేరు రాయి."

"నీ పేరా?"

గురునాథం నవ్వాడు. తిట్టినా ఆమె భరించేదేమో. ఆ నవ్వుకి ఒళ్ళు మండిపోయింది.

"నవ్వకు! పట్టాల పని చేసే ఉర్కురా గాంగులో ఇద్దరు ఆడవాళ్ళున్నారని నువ్వే చెప్పావు."

"చెప్పాను. ఎంత అవస్థ పడతన్నారో కూడా చెప్పాను. అది వినబడలేదా?"

"వినబడింది. నా అవస్థ నేను పడతాను. బీయస్సీ చదివి ఆ ఆడిటర్ దగ్గర ఏం చేస్తన్నాననుకున్నావు? టీలు అందించి, తిట్లు తిని, రేపు రావద్దంటే ఇంటికొచ్చే నౌకరీ. నాకు పక్కా నౌకరీ కావాలి నాన్నా. పుట్టినప్పట్నించీ నీ నోటెంట ఇంకో మాట విన్నానా? రైల్వే, రైల్వే, రైల్వే! మరి నాకెందుకు వద్దు?"

స్టవ్ దగ్గర ఉప్మా కలుపుతున్న శేషమ్మ వెనక్కి తిరక్కుండానే అందుకుంది. "అన్న నోటికాడ కూడు లాక్కుంటావేటే? సిల్తారాలో ఆ కొలిమి ముందు వాడు మాడిపోతన్నాడు. నీకు కుర్సీ ఉంది, పంకా ఉంది. ఇంకేటి కావాల?"

"అమ్మా, నువ్వు మాట్లాడకు."

"ఎందుకు మాట్లాడకూడదు?"

"నేను మాట్లాడవలసి వస్తుంది. నేను నోరు విప్పితే నువ్వు నాన్న ముందు నిలబడలేవు."

శేషమ్మ చేతిలో గరిటె ఆగింది. బయట రేకుల మీద వాన పడుతోంది.

గురునాథం భార్యని చూశాడు. కూతుర్ని చూశాడు. "ఏటది?" అన్నాడు.

వరండాలో నులక మంచం మీద కూర్చున్న సూరమ్మ, గురునాథం తల్లి, మెడ ఇటు తిప్పింది. డెబ్భై ఎనిమిదేళ్ళ మనిషి. కళ్ళు మసకేశాయి గాని చెవులు పాము చెవులు. "ఏటే గుంటా, సగం సెప్పి సగం మింగుతావు?" అంది.

సరిగ్గా అప్పుడే తరుణ్ వచ్చాడు. సిల్తారాలో ఒక స్పాంజ్ ఐరన్ ఫ్యాక్టరీలో రాత్రి డ్యూటీ దిగి, బీర్‌గావ్ దాకా కంపెనీ బండిలో వచ్చి, అక్కణ్ణుంచి సైకిల్ మీద తడుస్తూ వచ్చాడు. ఇరవై ఏడేళ్ళవాడు. వానలో తడిసినా కనుబొమల్లో నల్లటి మసి పోలేదు. కుడి మోచేతి కింద పాత కాలిన మచ్చ.

"ఏమైంది?" అన్నాడు.

"నువ్వు చెప్తావా అన్నయ్యా, నన్ను చెప్పమంటావా?" అంది పూర్ణిమ.

తరుణ్ తల్లి వైపు చూశాడు. శేషమ్మ, వద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది. ఒక్కసారే, చిన్నగా. కాని గురునాథం అది చూడనే చూశాడు.

"శేషా! ఈ ఇంట్లో నాకు తెలీకుండా ఏటి నడుస్తోంది?"

పూర్ణిమ వంటింట్లోకి వెళ్ళి బియ్యం డబ్బా వెనక చెయ్యి పెట్టి ఒక పుస్తకం తీసుకొచ్చింది. పుస్తకం కూడా కాదు. కలర్ జెరాక్సు కాగితాలు కుట్టి అట్ట వేశారు. ప్రతి పేజీలో ఒక గుండ్రం, గుండ్రం నిండా రంగురంగుల చుక్కలు.

"ఇదేటో నీకు తెల్సుకదా నాన్నా."

"తెలీకేం. మెడికల్‌లో చూపిస్తారు. చుక్కల్లో అంకె చదవాల. ఎర్రదీ పచ్చదీ తేడా తెలిసినోడికే అంకె కనపడతాది. నేను పదిసార్లు చదివాను. ఇది మనింట్లో ఎందుకుంది?"

"అన్నయ్యా, కూర్చో."

"పూర్ణీ, ఛోడ్ దో. వద్దు."

"కూర్చో అంటున్నానా!"

తరుణ్ తడిబట్టలతోనే స్టూలు మీద కూర్చున్నాడు. కూర్చోకుండా బయటికి వెళ్ళిపోవచ్చు. వెళ్ళలేదు. మూడు నెలలుగా మోస్తున్న బరువు ఎవరో ఒకరు దించితే చాలన్నట్టు ఉంది అతని మొహం.

పూర్ణిమ మొదటి పేజీ తెరిచింది.

"పన్నెండు," అన్నాడు తరుణ్.

రెండోది.

"ఎనిమిది."

"ఆరు." "ఇరవై తొమ్మిది."

"చదువుతున్నాడు కదే!" అన్నాడు గురునాథం. గొంతులో ఆశ కూడా ఉంది. "ఇంకేటి నీ గోల?"

పూర్ణిమ నాలుగు పేజీలు ఒక్కసారే కలిపి తిప్పి, పుస్తకం తండ్రికీ అన్నకీ మధ్య ఎత్తి పట్టుకుంది.

"యాభై ఏడు," అన్నాడు తరుణ్.

గురునాథం పేజీలోకి వంగి చూశాడు. కళ్ళు చిట్లించాడు. మళ్ళీ చూశాడు. ఆయన కళ్ళకి అక్కడ డెబ్భై నాలుగు గోడ మీద రాసినంత స్పష్టంగా కనిపిస్తోంది.

"ఎంతన్నావురా?"

గురునాథం పుస్తకం లాక్కుని తనే ఎక్కడో ఒక పేజీ తెరిచి కొడుకు మొహం దగ్గర పెట్టాడు. "ఇదెంత?"

"చుక్కలు నాన్నా."

"అంకె ఎంత అంటున్నాను!"

"చుక్కలే కనపడతన్నాయి. నాకెప్పుడూ చుక్కలే. వరస తెలుసు కాబట్టి చెప్పాను. వరస మారితే పోయింది."

గురునాథం పుస్తకం మూశాడు. అరుస్తాడనుకున్నారు అందరూ. అరవలేదు. ఆ నిదానం చూసి భయపడి శేషమ్మ ఒక అడుగు వెనక్కి వేసింది.

"ఎప్పట్నించి తెల్సు నీకు?" అని అడిగాడు భార్యని.

"చిన్నప్పట్నించి."

"ఎంత చిన్నప్పట్నించి?"

"పెరట్లోంచి పండు మిరపకాయలు తెమ్మంటే పచ్చివి తెచ్చేవాడు. ఏడేళ్ళో ఎనిమిదేళ్ళో."

"ఇరవయ్యేళ్ళు దాచావు."

"దాచాను! ఏటి సెయ్యమంటారు? రైల్వే వాడి కొడుక్కి రంగులు తెలీవంటే మీరు వాణ్ణి మనిషిలా చూసేవారా?" శేషమ్మ గరిటె కింద పడేసి ముందుకొచ్చింది. భయం పోయి కోపం వచ్చేసింది. "మీకేటి తెల్సు? రోజూ డబ్బాలో అన్నం కట్టి పంపేది నేను. మొన్న వేసవి మొదట్లో వాడి పక్కన నిలబడ్డ కుర్రాడు కాలిపోయాడు. వాడి ఒళ్ళు ఈడు చూశాడు. వచ్చి రెండ్రోజులు ముద్ద మింగలేదు. నా కొడుకు ఆ కొలిమి దగ్గర చావాలా? అందుకే నేర్పాను. రోజూ మధ్యాన్నం కూకోబెట్టి ఒక్కో పేజీ నేర్పాను. మెడికల్ ఒక్క రోజు. అది గడిస్తే మళ్ళీ ఎవడు అడుగుతాడు?"

"ఎవడు అడుగుతాడా!"

ఇప్పుడు అరిచాడు గురునాథం. పక్క క్వార్టర్‌లో రేడియో ఠక్కున ఆగింది.

"వంగి పనిచేసేవాడికి బండి కనపడదే! పదహారు మంది వంగి ఉంటారు లైను మీద. అర కిలోమీటరు అవతల జెండా పట్టుకుని నిలబడేవాణ్ణి నమ్ముకుని వంగుతారు. వీడు నిలబడతాడు అక్కడ. ఎర్రది ఎత్తాలిరా అంటే పచ్చది ఎత్తుతాడు. పదహారు మంది! వాళ్ళ పెళ్ళాలు మన ఇంటి ముందు కూర్చుని ఏడుస్తుంటే నువ్వు వీడికి ఉప్మా వడ్డిస్తావా?"

పుస్తకం గుమ్మంలోంచి విసిరేశాడు. అది వెళ్ళి వాన నీటి కాలవలో పడింది.

"ఏరా! నోరు లేదా నీకు? నాకు చెప్పొద్దా?"

తరుణ్ లేచి నిలబడ్డాడు. ఎప్పుడూ గొంతెత్తనివాడు, గొంతు ఎలా ఎత్తాలో కూడా తెలీనట్టు మాట్లాడాడు. "చెప్పనిచ్చారా? మే నెల నించి నాకు ఈ నౌకరీ వద్దని చెప్తన్నా. ఎందుకు అని ఒక్కసారి అడిగావా? 'పిచ్చోడా, రైల్వే నౌకరీ వద్దనేవాడుంటాడా' అని నవ్వావు. అమ్మ నాచేత ఒట్టు వేయించుకుంది. పూర్ణికి ఇవ్వమని చెప్పాను అమ్మకి. తిట్టింది. నన్ను మనుషులు చచ్చే చోట నిలబెడతామంటున్నారు, మళ్ళీ నన్నే తిడతన్నారు! ఇవ్వండి పూర్ణికి. నేను సిల్తారాలోనే ఉంటాను, బస్!"

"నీ సలహా అడగలేదు."

"నాకు తెల్సు. ఎప్పుడూ అడగలేదు."

తరుణ్ వెళ్ళి వరండాలో మామ్మ మంచం కింద నేల మీద కూర్చున్నాడు. సూరమ్మ అతని తడి తల మీద చెయ్యి వేసింది.

పూర్ణిమ బల్ల మీద రెండో కాగితం పెట్టింది. ఖాళీ ఫారం. నిన్న సాయంత్రమే రైల్వే ఆఫీసుకి వెళ్ళి అడిగి తెచ్చుకుంది. మొదటిది, తరుణ్ పేరున్నది, నిలువునా చింపి స్టవ్ పక్కన పెట్టింది. గెలిచాననుకుంది. పిచ్చిపిల్ల! తండ్రిని అంత తక్కువ అంచనా వేసింది.

"రాయి నాన్నా. పదయింది. ఇంకా టైముంది."

గురునాథం ఫారం వైపు చూడనైనా చూడలేదు. "ఎవరి పేరూ రాయను. అరవై దాకా నేనే చేస్తాను."

"ఆ మోకాలితోనా?"

"మోకాలు నాది."

"మొన్న వంతెన దగ్గర కూలబడితే ఇద్దరు మోసుకొచ్చారు నిన్ను. వచ్చే నెల నీ మెడికలే ఉంది."

"కూలబడితే కూలబడతాను. ఆడపిల్లని గాంగులో పెట్టి నేను ఇంట్లో తిని కూర్చుంటే కాలనీ మొహాన ఉమ్మేస్తుంది. ఎండలో, వానలో, పదిమంది మగాళ్ళ మధ్య గునపం పట్టుకుని... వద్దు. నోరు మూసుకుని నీ ఆఫీసుకి పో."

పూర్ణిమ తండ్రికి అడ్డంగా వచ్చి నిలబడింది.

"రంగులు తెలీని కొడుక్కైతే కళ్ళు మూసుకుని రాశావు. కళ్ళు సరిగ్గా ఉన్న కూతురికి రాయనంటావు. నౌకరీ గాలికి పోయినా ఫరవాలేదు, నీ కాలు విరిగినా ఫరవాలేదు, పూర్ణిమకి మాత్రం దక్కకూడదు. అంతే కదా? పైకి చెప్పు. ఒక్కసారి పైకి చెప్పు, నేను మళ్ళీ అడిగితే నన్ను చెప్పుతో కొట్టు!"

"పూర్ణీ!" అని కేకేసింది శేషమ్మ.

"నువ్వు ఊరుకో అమ్మా! నాకు ఎప్పుడైనా ఒక పేజీ నేర్పావా నువ్వు?"

అప్పుడు నులక మంచం కిర్రుమంది. సూరమ్మ మనవడి భుజం పట్టుకుని లేచి, గోడ తడుముకుంటూ లోపలికొచ్చింది. వచ్చి కొడుకు ఎదురుగా నిలబడింది. ఆయన ఛాతీ దాకా వస్తుంది ఆవిడ.

"గాంగులో ఆడది ఏటి సేత్తాదంతన్నావేట్రా?"

"అమ్మా, నువ్వు కూచో."

"కూకోను. నాను ఏటి సేసినాను? భిలాయ్ కార్ఖానా లేసిన నాడు, ఒంటి లైను పక్కన రెండో లైను ఏసిన నాడు, ఆ కంకరంతా ఎవులు మోసినారు? మీ అయ్యా? మీ అయ్య గునపం ఏసేవోడు. తట్ట నా నెత్తి మీదుండేది. నువ్వు నా కడుపులో ఉన్నావు. నొప్పులొచ్చే రోజు దాకా మోసినాను. తెల్లోడి కంపినీ పోయింది, మన సర్కారొచ్చింది, ఆఫీసు కలకత్తా నించి బిలాస్‌పూర్ వచ్చింది, బొగ్గింజను పోయి కరెంటింజనొచ్చింది. నా పేరు మాత్రం ఏ కాయితం మీదికీ రానేదు. మీ అయ్య పేరు రాసినారు, నీ పేరు రాసినారు, ఇప్పుడు ఈ గుంటడి పేరు రాత్తావు. సూరమ్మ ఎవులు? కూలి. ఎవుల్నడిగినా నేదంతారు. నానడగనేదు, నాకు అడగడం తెలీదు. దీనికి తెల్సింది, అడుగుతోంది. ఇయ్యడానికి నీకు సిగ్గేటి?"

గురునాథం తల్లికి ఎదురు చెప్పడం ఈ ఇంట్లో ఎవరూ ఎరగరు. ఆయన మేకుకి తగిలించిన రెయిన్‌కోటు తీసి తొడుక్కున్నాడు. బల్ల మీది ఖాళీ ఫారం మడతపెట్టకుండా ప్లాస్టిక్ సంచిలో పెట్టాడు.

"ఎక్కడికి?" అంది శేషమ్మ.

గురునాథం కుంటుకుంటూ గుమ్మం దాటాడు. ఎవరి పేరూ వద్దని రాసిచ్చి రావడానికో, ఇంకెందుకో ఎవరికీ తెలీదు. పూర్ణిమ చెప్పులు వేసుకుని వెనకే పరిగెత్తింది.

ఇద్దరూ ఒకే ఆటో ఎక్కారు. వాన దంచుతోంది. స్టేషను దాటుతుంటే సిమెంటు గూడ్సు బండి ఒకటి విశాఖపట్నం వైపు కదులుతోంది. ఎన్ని వాగన్లో చిన్నప్పుడు లెక్కపెట్టి తండ్రికి చెప్పేది పూర్ణిమ. ఆయన మురిసిపోయి కథ మొదలెట్టేవాడు. విజయనగరం నించి రాయపూర్ దాకా లైను పడ్డ రోజుల్లో గురునాథం తాత ఆ పని వెంటే నడిచి వచ్చాడట. లైను ఎక్కడ ఆగితే అక్కడ గుడిసె, లైను కదిలితే గుడిసె కదిలేది. రాయపూర్‌లో లైను ముగిసింది, మనిషి ఇక్కడే ఉండిపోయాడు. ఆ రోజుల్లో రెండు బండ్లు నడిచిన చోట ఇవాళ నిమిషాల తేడాలో బండ్లు. రాయపూర్ డివిజనయిందని కాలనీలో లడ్డూలు పంచినప్పుడు గురునాథం తన చేత్తో పంచాడు, తనకే ప్రమోషనొచ్చినట్టు. రైల్వే అంత పెరిగింది. ఈ ఇంట్లో మాత్రం తాత గాంగ్‌మన్, తండ్రి గాంగ్‌మన్, తను కీమన్. అయినా ఆయనకి అదే గొప్ప. ఆ గొప్ప తనకి అంటకూడదంటే పూర్ణిమకి ఎలా ఉంటుంది? పళ్ళు బిగించి బయటికి చూస్తూ కూర్చుంది.

ఆఫీసులో కౌంటరు దగ్గర జనం. అందరూ ఆఖరి రోజు మనుషులే. తండ్రీ కొడుకులు జంటలు జంటలుగా నిలబడి ఉన్నారు. తండ్రీ కూతురూ వీళ్ళొక్కరే. ఒకరిద్దరు తిరిగి చూశారు. గురునాథం మెడ బిగుసుకుపోయింది.

వాళ్ళ వంతు వచ్చేసరికి మూడున్నర దాటింది. అవతల కూర్చున్న గుమాస్తా ధనుంజయ్ వాళ్ళ కాలనీవాడే, పర్లాకిమిడి వైపు మనిషి.

"మావా, ఇంత ఆలస్యమేటి? తరుణ్ ఫారం ఇచ్చెయ్యి."

"తరుణ్ కాదు." గురునాథం ఖాళీ ఫారం కౌంటరు మీద పెట్టాడు. ఒక్క క్షణం ఆగాడు. "పూర్ణిమ పేరు రాయి."

పూర్ణిమకి సంతోషం రాలేదు. పొద్దుటి నించి అరిచిన అరుపులన్నీ ఒంట్లో ఇంకా అలాగే ఉన్నాయి.

ధనుంజయ్ కనుబొమలెత్తాడు గాని ఏమీ అనలేదు. మంచివాడు. టకటకా రాసుకుపోయాడు. పేరు, పుట్టిన తేదీ, చదువు. పూర్ణిమ తన సర్టిఫికెట్లు అందించింది. అవీ నిన్నే సిద్ధం చేసుకుంది. ఆమె సంతకం అయింది. ఫారం గురునాథం వైపు తిప్పాడు.

"ఇక్కడొకటి, కింద ఒకటి. ఇది పెట్టాక వెనక్కి తీసుకోడం కుదరదు మావా. మెడికలై, ఆమె జాయినయిన రోజే నువ్వు దిగిపోతావు."

గురునాథం పెన్ను తీసుకున్నాడు. కాగితం మీద మొన ఆనించాడు. అక్కడే ఆగిపోయాడు.

"ధనుంజయ్. మరి క్వార్టర్?"

"ఏ క్వార్టర్?"

"మేం ఉండేది."

"నౌకరీ ఎవరిదో క్వార్టర్ వాళ్ళదే కదా. నీ పేరు తీసేసి ఆమె పేరు రాస్తారు. మీరంతా ఆమె దగ్గర ఉన్నట్టు."

ధనుంజయ్ మామూలుగానే అన్నాడు. రోజూ పదిమందికి చెప్పే మాటే. గురునాథం మొహం మాత్రం ఎవరో చెంప మీద కొట్టినట్టయింది.

అప్పుడు అర్థమైంది పూర్ణిమకి. ఎండా కాదు, గునపమూ కాదు, కాలనీ ఉమ్మడమూ కాదు. వీళ్ళకి తాతల ఊరు శ్రీకాకుళంలో సెంటు నేల లేదు, రాయపూర్‌లో లేదు. మూడు తరాలుగా రైల్వే ఇల్లే ఇల్లు. తలుపు మీద ఒక మగవాడి పేరు పోతే ఇంకో మగవాడి పేరు వచ్చేది. కొడుకు ఇల్లయితే అది తన ఇల్లే. కూతురి ఇంట్లో తండ్రి ఉండడమంటే ఈయనకి చావు.

గురునాథం పెన్ను ఎత్తి కూతురి వైపు తిరిగాడు. కోపం ఇంకా ఉంది మొహంలో. కాని ఆ కోపానికి దిక్కు తోచడం లేదు. వెనక వరసలో ఉన్నవాళ్ళు వింటారని గొంతు తగ్గించాడు.

"అమ్మాయ్, అందులో నన్నుంచుతావా?"

'ఉంచుతాను నాన్నా' అనడానికి ఎంతసేపు? అది నిజం కూడాను. ఉంచక ఎక్కడికి పంపుతుంది? ఆ మాట అని ఉంటే ఆయన అప్పుడే సంతకం పెట్టేవాడు. నాలిక చివరి దాకా వచ్చింది. దాని వెనకే పొద్దుటి నవ్వు గుర్తొచ్చింది, 'నీ పేరా?' అన్న నవ్వు. ఒళ్ళంతా మళ్ళీ భగ్గుమంది.

"సంతకం పెట్టు," అంది.

"ముందు మాట చెప్పు."

"ముందు పెట్టు."

"చెప్తే పెడతాను."

"అన్నయ్యనైతే అడిగేవాడివా నాన్నా, ఈ మాట?"

జవాబు ఇద్దరికీ తెలుసు. ధనుంజయ్ గోడ గడియారం వైపు చూసి, "మావా, పదిహేను నిమిషాలే ఉంది, వెనక ఇంకా నలుగురున్నారు," అన్నాడు.

గురునాథం పెన్ను మూత పెట్టేశాడు. పెన్ను ఇచ్చెయ్యలేదు, గుప్పిట్లో పట్టుకునే ఉన్నాడు. పూర్ణిమ కౌంటరు చెక్క అంచు రెండు చేతులతో పట్టుకుని, ఆయన మొహంలోకే చూస్తూ, నోరు విప్పకుండా నిలబడింది.